స్వామి తోటకు వెళ్లే రోజు

"పత్రం పుష్పం ఫలం తోయం" అన్న గీతాశ్లోకం (9వ అధ్యాయం, 26) చదివినప్పుడల్లా నాకు పెరడే గుర్తొస్తుంది. ఆకు, పువ్వు, పండు, నీళ్లు నాలుగూ అక్కడే ఉంటాయి కదా! భక్తితో ఇస్తే చాలన్నాడు కృష్ణుడు. కానీ ఆ పువ్వు పూయాలంటే ఎవరో మట్టి తవ్వాలి, నీళ్లు పొయ్యాలి. ఆ చాకిరీ కూడా పూజేనని నాకు నమ్మకం కలిగించింది తిరుమల అనంతాళ్వారు కథ.

కొండకు వెళ్లి శ్రీవారికి పూలసేవ చేసేవారెవరని రామానుజులవారు శిష్యులను అడిగారట. అప్పట్లో తిరుమల అంటే అడవి, వణికించే చలి. అనంతాళ్వారు ఒక్కరే లేచారు. భార్యతో కొండెక్కి తోట వేశారు, దానికి నీళ్ల కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన గునపంతో తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన ఆ తల్లి తట్టలతో మట్టి మోసేది. చూడలేక ఒక పిల్లవాడు సాయానికి వచ్చాడు. ఈ సేవలో ఇంకొకరి చెయ్యి పడకూడదని ఆయన వద్దన్నారు. అయినా వాడు చాటుగా తట్ట అందుకుంటూనే ఉన్నాడు. కోపంతో విసిరిన గునపం వాడి గడ్డానికి తగిలింది. తీరా గుడికెళ్లి చూస్తే మూలమూర్తి గడ్డం నుంచి రక్తం! ఆ గాయానికి అద్దిన పచ్చకర్పూరమే నేటికీ స్వామి గడ్డం మీద తెల్లగా కనిపిస్తుందంటారు. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర కుడివైపు గోడకు పైన చూడొచ్చు. దర్శనం టెన్షన్‌లో చాలామంది తలెత్తరు.

ఒక రాత్రి స్వామి, అమ్మవారు మారువేషాల్లో ఆ తోటకే వచ్చి పూలు కోశారట. అనంతాళ్వారికి అమ్మవారు దొరికారు. ఎవరో తెలియక సంపెంగ చెట్టుకు కట్టేశారు. స్వామి మాత్రం అప్రదక్షిణంగా పరుగుతీసి గుడిలో మాయమయ్యారు.

అందుకే ఏటా బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు భాగ్‌సవారి, అంటే స్వామి తోటకు వెళ్లే ఊరేగింపు, జరుగుతుంది. ఉత్సవాలన్నాళ్లూ మాడవీధుల్లో ప్రదక్షిణంగా ఊరేగిన మలయప్పస్వామి (శ్రీవారి ఉత్సవమూర్తి), ఆ రోజు అప్రదక్షిణంగా ఆ తోటకు వేంచేస్తారు. ఒక తోటమాలి కోసం సాక్షాత్తు స్వామే ఎదురుదారి పట్టడం తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

పండక్కి బజారులో పూలు కొనడం తప్పేమీ కాదు. కానీ బాల్కనీలో ఎండ తగిలే మూల ఉంటే ఒక నందివర్ధనం కుండీ పెట్టండి. పెద్దగా సేవ అడగదు. కుదుళ్లు పిల్లలతోనే తవ్వించండి, రోజూ నీళ్లు వాళ్లనే పొయ్యనివ్వండి.