వెడల్పాటి పిచ్ మీద ఒక సీజన్: ఫుట్‌బాల్ మేనేజర్‌లో నా అనుభవం

ఫుట్‌బాల్ మేనేజర్ 2024 అంటే ఒక క్లబ్‌కి మేనేజర్‌గా జట్టును నడిపే కంప్యూటర్ గేమ్. అందులో నేను తీసుకున్న జట్టు సట్టన్ యునైటెడ్. దక్షిణ లండన్‌లో ఉండే చిన్న క్లబ్. 2021లో ఇంగ్లండ్ ఐదో అంచె అయిన నేషనల్ లీగ్ గెలిచి మొదటిసారి నాలుగో అంచె లీగ్ టూకి వచ్చినప్పుడు, వాళ్లు తమ ప్లాస్టిక్ గడ్డి పీకేసి మామూలు గడ్డి వేసుకోవాల్సి వచ్చింది. పై లీగుల్లో కృత్రిమ పిచ్‌లు ఒప్పుకోరు. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఆ క్లబ్ అంటే నాకు ఇష్టం. నిజంగా అయితే 2023–24 సీజన్‌లో వాళ్లు మళ్లీ కింది లీగ్‌కి పడిపోయారు. నా గేమ్‌లో మాత్రం పడిపోనివ్వకూడదని పట్టుబట్టి కూర్చున్నాను.

సీజన్ మొదలయ్యే ముందు ఒక మెసేజ్ వస్తుంది, ఈసారి పిచ్ కొలతలు ఎంత ఉంచాలి అని. నాకు వేగంగా పరిగెత్తే వింగర్లు (పక్క గీతల వెంట దాడి చేసేవాళ్లు) ఇద్దరున్నారు. అందుకని ఉన్న హద్దుల్లో అన్నిటికన్నా వెడల్పైన పిచ్ ఎంచుకున్నాను. ఒకసారి ఎంచుకున్నాక మళ్లీ సీజన్ వరకు మార్చడానికి లేదు.

మొదటి 12 మ్యాచ్‌లకు 8 పాయింట్లు. అందులో 7 బయట ఆడి తెచ్చుకున్నవే. సొంత మైదానంలో 6 ఆడి 5 ఓడాం. ఓడిన ప్రతిసారీ ఫార్మేషన్, అంటే డిఫెన్స్, మధ్య, ముందు వరసల్లో ఎంతమంది ఉండాలన్నది, మార్చేశాను. 4-4-2 నుంచి 4-3-3కి, అక్కడి నుంచి ముగ్గురు డిఫెండర్లకి, మళ్లీ మొదటికి. మార్చిన ప్రతిసారీ ఆటగాళ్లకు టాక్టిక్ మీద ఉన్న అలవాటు పోతుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియక పాసులు తప్పేవాళ్లు.

ఒక రాత్రి మా తమ్ముడు పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"అన్నా, గోల్ పడగానే స్కిప్ కొట్టేస్తున్నావ్. ఒకసారి రీప్లే చూడు. అన్నీ పక్క నుంచే వస్తున్నాయి."

ఇద్దరం కూర్చుని పాత మ్యాచ్‌ల గోల్స్ ఒక్కొక్కటీ వేసుకుని చూశాం. వాడు చెప్పింది నిజం. నా సెంటర్‌బ్యాక్‌లు (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్లు) ఇద్దరికీ తలతో బంతి కొట్టే హెడింగ్ 20కి 14, కానీ వేగం 8 మాత్రమే. ఫుల్‌బ్యాక్ (పక్కన కాపు కాసే డిఫెండర్) ముందుకు వెళ్లగానే వెనక ఖాళీ పడేది. దాన్ని మూయడానికి సెంటర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తేవాడు, పిచ్ వెడల్పు కాబట్టి చాలా దూరం. ఈలోగా బంతి గోల్ ముందుకి వచ్చేసేది. బయటి మైదానాల్లో అంత జాగా ఉండేది కాదు, అందుకే అక్కడ తట్టుకుని నిలబడ్డాం. వింగర్ల కోసం నేను వేసిన పిచ్ అవతలి వాళ్ల వింగర్లకు పనికొచ్చింది.

ఆ రోజు నుంచి 4-4-2 మీదే ఉండిపోయాను. సొంత మైదానంలో ఆడేటప్పుడు ఫుల్‌బ్యాక్‌లను వెనకే ఉంచి, డిఫెండర్లు నిలబడే వరసని ఒక మెట్టు కిందికి దించి, పక్క నుంచి గోల్ ముందుకి వేసే క్రాస్‌లు అడ్డుకోమని చెప్పాను. ప్రతి మ్యాచ్‌కి ముందు స్కౌట్ రిపోర్ట్‌లో ఒకటే వెతికేవాణ్ణి, వీళ్లు బంతిని పైకి ఎలా తెస్తారు అని. దాన్ని బట్టి రెండు మూడు మీటలే తిప్పేవాణ్ణి.

రెక్సమ్ జట్టు 3-5-2తో వచ్చింది. మధ్యలో వాళ్లు ముగ్గురు, మేం ఇద్దరం. స్ట్రైకర్లలో ఒకణ్ణి కిందికి దించి లెక్క సరిచేశాను. పక్క మొత్తం ఒక్కడే చూసుకునే వాళ్ల వింగ్‌బ్యాక్ పైకి వెళ్తే వెనక పక్క మొత్తం ఖాళీ. అప్పుడు మాత్రం నా వెడల్పాటి పిచ్ నాకు కలిసొచ్చింది. వింగర్లను గీత పట్టుకుని ఉండమన్నాను, 2-1తో గెలిచాం. నాట్స్ కౌంటీ వేరే రకం. గోల్‌కీపర్ దగ్గర నుంచి చిన్న చిన్న పాసులతో కట్టుకుంటూ వస్తారు. వాళ్ల మీదికి ఎగబడి ప్రెస్ చేసిన మొదటి మ్యాచ్‌లో చిత్తుగా ఓడాం. రెండోసారి సెంటర్‌లైన్ దాకా రానిచ్చి అక్కడ పట్టుకున్నాం. డ్రా అయింది. నాకు ఆ డ్రా గెలుపుకన్నా ఎక్కువ.

జనవరికి వానలతో గడ్డి పాడైంది. బురదలో పొట్టి పాసులు సగంలోనే ఆగిపోతున్నాయి. టెంపో (ఆట వేగం) తగ్గించి, బంతిని నేరుగా స్ట్రైకర్ తల మీదికి వేయమన్నాను. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ ఆ నెలలో అదే సరైన ఆట అని ఇప్పటికీ నమ్ముతాను.

ఫిబ్రవరిలో అలాంటి బురద రోజే, 1-1, స్ట్రైకర్లు ఇద్దరూ గాయాలతో బయట. అప్పుడు మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తొచ్చారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడితే, ఆయన్ని పక్కన పెట్టకుండా ముందు వరుసలో ఆడించారు రహీమ్. సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టారు, స్వర్ణం మనకే వచ్చింది. నేను కూడా 80వ నిమిషంలో నా పొడుగు సెంటర్‌బ్యాక్‌ని స్ట్రైకర్‌గా పంపాను. 88వ నిమిషంలో అతను తలతో దింపిన బంతిని వింగర్ లోపలికి తోశాడు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారని అరవలేక తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

24 జట్లలో 19వ స్థానంలో ముగించాం. కింది లీగ్‌కి పడేది రెండే జట్లు.

మళ్లీ పిచ్ కొలతల మెసేజ్ వచ్చింది. ఈసారి ముందు నా ఆటగాళ్ల జాబితా తెరిచాను. టోనీ ప్యూలిస్ మేనేజర్‌గా ఉన్న కాలంలో ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ సిటీ, తమ ఆటగాడు రోరీ డెలాప్ పక్క గీత నుంచి చేత్తో గోల్ ముందుకి విసిరే పొడవు త్రోల కోసం పిచ్‌ని 64 మీటర్ల వెడల్పుకి కుదించిన సంగతి తెలుసు. నా కుడి ఫుల్‌బ్యాక్‌కి లాంగ్ త్రో 16.

"మరీ చిన్నది చెయ్యకన్నా, వింగర్లు ఊపిరాడక చస్తారు" అన్నాడు తమ్ముడు.

అన్నిటికన్నా చిన్నదానికి ఒక మెట్టు పైన ఆపి, ఓకే నొక్కాను.