గుడి రాళ్లతో లేచిన ఊళ్లు

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పానికి బయలుదేరే ముందు నేను రాసుకున్న పట్టికలో మాయా అనే ప్రాచీన స్థానిక నాగరికత శిథిలాలు ఒకవైపు, స్పానిష్ పాలన నాటి కట్టడాలు మరొకవైపు ఉండేవి. మెరిడా నగరంలో నాన్నతో కలిసి దిగిన మొదటి సాయంత్రమే ఆ పట్టిక పనికిరాదని తేలిపోయింది. 1542 జనవరి 6న స్పానిష్ సేనాని ఫ్రాన్సిస్కో దె మొంతేహో ఈ నగరాన్ని స్థాపించేనాటికి ఇక్కడ తిహో అనే మాయా పట్టణం ఉండేది. అక్కడి సున్నపురాతి కట్టడాలు తమ దేశంలోని మెరిడాలో మిగిలిన రోమన్ శిథిలాలను తలపించడంతో వచ్చినవారు ఆ పేరే పెట్టారు. తరువాత ఆ కట్టడాలనే విప్పి, ఆ రాళ్లతోనే 1561 నుంచి 1598 వరకు కేథడ్రల్ నిర్మించారు. కూడలికి దక్షిణాన ఉన్న మొంతేహో కుటుంబ భవనం ముఖద్వారం మీద ఈటెలు పట్టిన సైనికులు నరికిన తలల మీద పాదాలు మోపి నిలబడి ఉంటారు. ఆ ఇంటివారు తమ గురించి ఏమి చెప్పుకోదలచారో తెలుసుకోవడానికి మార్గదర్శి అవసరం లేదు.

మరునాడు దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని ఉష్మల్‌కు వెళ్లాము. నాకు ఈ యాత్రలో అన్నింటికన్నా నచ్చిన శిథిలాలు ఇవే. మేము అనంతపురం జిల్లావాళ్లం కాబట్టి కావచ్చు, శిల్పం కన్నా ముందు నీటి సంగతే మా దృష్టికి వచ్చింది. యుకటాన్ ఉత్తర భాగంలో నేల కుంగి ఏర్పడిన సెనోటే అనే సహజమైన నీటిగుండాలు ఊళ్లకు ఆధారం. ఉష్మల్ ఉన్న పూక్ గుట్టల్లో అవి లేవు, నదులూ లేవు. వాననీటిని నేలలో తవ్విన చుల్తూన్ అనే తొట్లలోకి మళ్లించి, వాటికి లోపల గచ్చు పూసి, ఏడాది పొడవునా వాడుకున్నారు. అందుకే ఇక్కడి గోడల మీద వంకర ముక్కుతో ఉన్న వాన దేవుడు చాక్ ముఖాలు మూల మూలకూ ఒకదానిపై ఒకటి పేర్చి కనిపిస్తాయి. సుమారు 35 మీటర్ల ఎత్తున్న మాంత్రికుడి పిరమిడ్ అడుగు చతురస్రంగా కాక గుండ్రని మూలలతో ఉంటుంది. గుడ్డు నుంచి పుట్టిన ఒక మరుగుజ్జు దీనిని ఒక్క రాత్రిలో కట్టాడని స్థానిక కథ. నిజానికి దీనిని ఐదు దశల్లో, పాతదాన్ని లోపలే ఉంచి పైన కొత్తది కడుతూ పెంచారు. పక్కనున్న నాలుగు మండపాల ప్రాంగణానికి 'కన్యాస్త్రీల మఠం' అన్న పేరు స్పానిష్‌వారు పెట్టినదే. అక్కడ సన్యాసినులు ఎన్నడూ లేరు.

అక్కడి నుంచి మని అనే చిన్న ఊరికి వెళ్లాము. 1562 జూలై 12న దియేగో దె లాందా అనే మతగురువు (ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందినవాడు) ఈ ఊరిలోనే మాయా గ్రంథాలను, విగ్రహాలను కుప్ప పోసి తగలబెట్టించాడు. వాటిలో సైతాను మాటలు తప్ప మరేమీ లేవన్నది అతని తీర్పు. అదే లాందా తరువాత స్పెయిన్‌లో కూర్చొని యుకటాన్ విశేషాల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో మాయా లిపి అక్షరమాల అనుకొని కొన్ని గుర్తులు నమోదు చేశాడు. అవి అక్షరాలు కావు, గుణింతాల వంటి ధ్వనులని 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరోజోవ్ చూపించిన తరువాతే ఆ లిపి చదవడానికి దారి దొరికింది. కాల్చినవాడి రాతే తాళంచెవి కావడం నాకింకా మింగుడుపడలేదు. మధ్యాహ్నం భోజనంలో ఇచ్చిన హబనేరో మిరప పచ్చడి పేరు ష్నిపెక్. మాయా భాషలో దాని అర్థం 'కుక్క ముక్కు' అట. తిన్నవాడి ముక్కు అలా తడుస్తుందన్నమాట. గుంటూరు కారానికి అలవాటుపడిన నాన్న ధైర్యంగా రెండు చెంచాలు వేసుకొని, ఆ పేరు సార్థకమని ఒప్పుకున్నారు.

చిచెన్ ఇట్సా గురించి అందరికీ తెలిసినదే. అక్కడి పెద్ద మాయా పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పై అరుగుతో కలిపి ఏడాది రోజుల్లా 365. లెక్క అద్భుతమే, కానీ జనసమ్మర్దం, జాగ్వార్ (చిరుతను పోలిన అమెరికా ఖండపు పులి) గొంతు వినిపించే ఈలల అమ్మకం మధ్య అక్కడ రెండు గంటలకు మించి నిలవలేకపోయాము.

చివరి రోజు ఇసమాల్‌లో గడిపాము. ఇళ్లన్నీ పసుపు రంగులో ఉండే ఈ ఊరి నడుమ, మాయా పిరమిడ్‌ను పైభాగం తొలగించి చదును చేసి, ఆ అరుగు మీదనే 1561 నాటికి ఫ్రాన్సిస్కన్ మఠాన్ని పూర్తిచేశారు. కట్టించినవారిలో లాందా కూడా ఉన్నాడు. వాలుదారి ఎక్కి లోపలికి వెళితే చుట్టూ కమానులతో విశాలమైన ప్రాంగణం. గోడలో అక్కడక్కడ చిక్కుముడి గీతలు చెక్కిన రాళ్లు కనిపిస్తాయి; అవి పాత గుడివి. కమానులు మాత్రం స్పానిష్‌వి: మాయా శిల్పులు రెండు వైపుల నుంచి రాళ్లను కొంచెం కొంచెంగా ముందుకు జరిపి పైన కలిపేవారే తప్ప, ఇలా గుండ్రంగా వంచేవారు కాదు.

ఉత్తరాన కొద్ది దూరంలో కినిచ్ కాక్మో అనే భారీ పిరమిడ్ ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్న దాని జోలికి రానని మఠం ప్రాంగణంలోనే కూర్చున్నారు. ఎత్తు సమంగాలేని ఆ మెట్లను చేతులతో ఆనుకుంటూ ఎక్కి, పైనుంచి పసుపు ఊరిని, అడవి అంచును చూసి, చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాను.

"పిరమిడ్ నువ్వొక్కడివే ఎక్కావనుకోకు," అన్నారు నాన్న, చేతికర్రతో కాళ్ల కింది నేలను తడుతూ, "నేను పొద్దుటి నుంచీ ఒకదాని మీదే కూర్చున్నాను."