లేని ఆటగాడికి కోటి డాలర్లు

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి లెక్కలు రాస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. అలాంటి నా చేతికి 2024 ఫిబ్రవరిలో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. నిజం జట్టు కాదు లెండి. డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడూ వాడి స్నేహితులూ ఆన్‌లైన్‌లో నడుపుకునే లీగ్. అక్కడి అసలు ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నట్టే 32 జట్లు, జట్టుకో మేనేజర్. మ్యాచ్‌లు కంప్యూటరే ఆడేస్తుంది. జీతాలు, కాంట్రాక్టులు మాత్రం మనం చూసుకోవాలి, అదీ దాదాపు ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనల ప్రకారమే. ఒకాయన తన జట్టుని పీకల్లోతు ఖర్చులో ముంచేసి లీగ్ వదిలేశాడట.

"మావయ్యా, ఆట రాకపోయినా పర్లేదు. నువ్వు లెక్కల మనిషివి, తీసుకో" అన్నాడు మావాడు.

ఆట నాకు నిజంగానే రాదు. చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో కూడా తెలీదు. జీతాలకి పరిమితి ఉంటుందంటే ఐపీఎల్ పర్సులాంటిదే కదా అనుకుని సరేనన్నాను. ఐపీఎల్‌లో లెక్క సులువు. అంతకు ముందు డిసెంబర్‌లోనే కోల్‌కతా వాళ్లు స్టార్క్‌ని 24.75 కోట్లకు పాడుకున్నారు. పర్సులోంచి 24.75 కోట్లు పోయాయి. అయిపోయింది.

ఇక్కడ అలా కాదు. ఆటగాడికి ఇచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి ఆ ఏటికి ఆ ఏడు జీతం. రెండోది సంతకం పెట్టగానే చేతిలో పెట్టే బోనస్. డబ్బు ఒకేసారి ఇచ్చేసినా, లెక్కలో దాన్ని కాంట్రాక్టు ఉన్నన్ని ఏళ్లకీ సమానంగా పంచి రాస్తారు. ఐదేళ్లకి మించి పంచకూడదు. ఇది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్త మిషన్ కొని తరుగుదల రాయడం ఇదే కదా! మిషన్ మూడో ఏడే పాడైతే మిగిలిన విలువంతా ఒక్కసారి నష్టంలో రాసేస్తాం. వీళ్లూ అంతే. ఆటగాణ్ణి మధ్యలో తీసేస్తే, ఇంకా రాయాల్సిన బోనస్ అంతా ఒక్కసారి మీద పడుతుంది. దాన్ని డెడ్ మనీ అంటారు.

మా నాన్నకి ఇది చెప్తే ఆయనకి నాకంటే తొందరగా అర్థమైంది. "కంబారికి ముందే డబ్బు ఇచ్చీసి, మద్దెలో నువ్వే పొమ్మంటే ఆ డబ్బు మరి వస్తాదేటి?" అన్నాడు. మా వైపు పాలేరుని కంబారి అంటారు.

ఇక నా జట్టు సంగతి. ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ పరిమితి జట్టుకి 25 కోట్ల 54 లక్షల డాలర్లు. అంతకు ముందు ఏడాది 22 కోట్ల 48 లక్షలే. ఒక్క ఏట మూడు కోట్లు పెరిగినా నా జట్టు ఇంకా రెండున్నర కోట్లు ఎక్కువలో ఉంది. లీగ్ లెక్కల్లో కొత్త ఏడాది మొదలయ్యే క్షణానికి పరిమితి లోపలికి రావాలి. ఆ క్షణం అమెరికా తూర్పు తీరంలో మార్చి 13 సాయంత్రం నాలుగు గంటలు, మనకి తెల్లారితే పద్నాలుగు అనగా రాత్రి ఒంటిగంటన్నర. మార్చి అంటే మాకు ఏడాది లెక్కలు మూసే నెల. ఉద్దానం నుంచి కొత్త పిక్కలు దిగడం కూడా అప్పుడే మొదలవుతుంది. పగలు బస్తాల లెక్క, రాత్రి క్వార్టర్‌బ్యాక్ లెక్క.

మొదటి పని క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) దగ్గరే దొరికింది. అతని జీతం 2 కోట్ల 12 లక్షలు. అనుభవం ఉన్న ఆటగాడికి ఆ ఏడాది కనీస జీతం 12 లక్షల చిల్లర. ఆ కనీసం ఉంచి మిగతా రెండు కోట్లని బోనస్‌గా మార్చేశాను. కాంట్రాక్టు ఇంకా నాలుగేళ్లు ఉంది కాబట్టి ఏడాదికి యాభై లక్షల చొప్పున పంచుకుంది. అంటే ఈ ఏడాది కోటిన్నర తగ్గింది. అతనికి ఒక్క డాలరూ తగ్గలేదు, పైగా డబ్బు ముందే చేతికొస్తుంది. వచ్చే మూడేళ్లూ యాభై లక్షలేసి నా నెత్తిన ఎక్కింది. మా ఓనరు దగ్గర ఇలాంటి సర్దుబాటు చేస్తే ఫైలు మొహాన కొడతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దాదాపు అందరూ చేస్తారట. కొందరైతే ఆటగాడు ఆడడని తెలిసిన ఏళ్లని కూడా కాంట్రాక్టు చివర ఉత్తుత్తిగా తగిలిస్తారు, పంచుకోడానికి. పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ 2023లో రిటైరయ్యాక కూడా టాంపా బే జట్టు లెక్కలో ఆ ఏడాది అతని పేరిట మూడున్నర కోట్ల డాలర్లు నిలబడ్డాయి.

ఇంకా కోటి కావాలి. ఒక రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) మీద కన్నుపడింది. ఐదేళ్ల కాంట్రాక్టు, రెండున్నర కోట్ల బోనస్, రెండేళ్లు అయిపోయాయి. ఈ ఏడాది జీతం కోటీ ఇరవై లక్షలు, బోనస్ వాటా యాభై. మొత్తం కోటీ డెబ్భై. తీసేస్తే రావాల్సిన మూడేళ్ల బోనస్ కోటిన్నర ఒకేసారి పడుతుంది. మిగిలేది ఇరవై లక్షలు. కూలి గిట్టదు.

అయితే జూన్ 1 నిబంధన ఒకటుంది. జూన్ 1 తర్వాత తీసేసినట్టు రాయించుకుంటే ఈ ఏటి వాటా యాభై లక్షలే ఈ ఏడాదికి, మిగతా కోటి వచ్చే ఏడాదికి. జట్టుకి ఇద్దరిని ఇలా చేయొచ్చు. సరిగ్గా ఆ మార్చిలోనే డెన్వర్ జట్టు వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని ఇలాగే పంపించారు. ఎనిమిదిన్నర కోట్ల డెడ్ మనీని 5.3, 3.2 కోట్లుగా రెండేళ్లకి విడగొట్టుకున్నారు. అంత పెద్ద జట్టే చేసిందంటే ఇక అనుమానమేంటి? నేనూ నా రిసీవర్ పేరు పక్కన టిక్కు పెట్టాను. కోటీ ఇరవై మిగులు, కోటితో పని, ఇరవై లక్షలు చేతిలో. మార్చి 12 రాత్రి హాయిగా పడుకున్నాను.

మర్నాడు రాత్రి పదిన్నరకి ఊరికే ఒకసారి చూద్దామని తెరిస్తే ఇంకా ఎర్రగానే ఉంది. మైనస్ కోటి. ఫోన్ చేస్తే మావాడు నవ్వాడు. "మావయ్యా, ఆ టిక్కు కొత్త ఏడాది మొదలయ్యాకే పనిచేస్తుంది. అదీ జూన్ 2 దాకా అతని మొత్తం లెక్క నీ మీదే ఉంటుంది. చదవలేదా?"

చదివాను. పేరా చివర చదవలేదు. ఇరవై ఏళ్ల అనుభవం!

మూడు గంటల టైముంది. డిఫెన్స్‌లో ఒకతని జీతం తొంభై లక్షలు, మిగిలిన బోనస్ రెండేళ్లకి ముప్పయ్యేసి. అసలు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలాంటి మార్పిడి కొత్త ఏడాది మొదలయ్యాకే అమలవుతుంది, మా లీగ్‌లో మాత్రం వెంటనే. ఇంకో జట్టుకి ఇచ్చేస్తే జీతం వాళ్లదవుతుంది, బోనస్ మాత్రం మనతోనే ఉండిపోతుంది, వచ్చే ఏటి ముప్పై కూడా ఇప్పుడే పడుతుంది. అంటే అరవై లక్షలు మిగలాలి. అవతలి మేనేజర్ ఎవరో ఒహాయో మనిషి. ఆఫీసులో ఉన్నాడు, మీటింగుకీ మీటింగుకీ మధ్య బేరమాడాడు. నాకు గతిలేదని పసిగట్టేసి బదులుగా నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు) ఇస్తానన్నవాడు ఐదో రౌండ్‌కి దిగాడు. సంతలో సాయంత్రమైతే అంతే మరి. ఇచ్చేశాను.

తెర మీద తగ్గింది అరవై కాదు, యాభై రెండు. మళ్లీ టెన్షన్. తర్వాత తెలిసింది: సీజన్ లేని నెలల్లో జట్టులో ఎక్కువ జీతం ఉన్న 51 మందినే లెక్కేస్తారు. ఒకడు పోతే 52వ వాడు లోపలికొస్తాడు, అతని ఎనిమిది లక్షలతో సహా. ఇక ఒక్కో మనిషికీ ఎనిమిది తీసేసి చూసుకున్నాను. బోనస్ బాకీ లేని ఇద్దరు పాతవాళ్లు మిగిలారు. నలభై లక్షలవాడు, పాతిక లక్షలవాడు. ముప్పై రెండూ పదిహేడూ నలభై తొమ్మిది. మొత్తం కోటీ ఒక లక్ష.

రాత్రి ఒంటిగంటా పది. పచ్చరంగు వచ్చింది. లక్ష డాలర్లు మిగులు.

ఆ ఇద్దరిలో ఒకడు పదకొండేళ్లుగా ఆడుతున్న ఆటగాడు. బొమ్మ ఆటే అయినా, బటన్ నొక్కేముందు అతని ఫొటో ఒకసారి చూశాను.

జూన్ 2న చెప్పినట్టే రిసీవర్ తాలూకు కోటీ ఇరవై దిగింది. అప్పటికి మంచి ఆటగాళ్లంతా ఎవరో ఒకరి దగ్గర చేరిపోయారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ల జీతాలకి కొంత వాడాను, మిగిలింది వచ్చే ఏడాదికి జమ చేసుకున్నాను. దానికి నిబంధన ఒప్పుకుంటుంది. 2025లో పరిమితి 27 కోట్ల 92 లక్షలైంది కాబట్టి ఆ మార్చిలో నిద్ర చెడలేదు. ఆ ఏటి షీటు తెరిచి ఉండగా నాన్న వెనకనుంచి చూసి, ఎర్రగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు. రిసీవర్ పేరు, ఎదురుగా కోటి డాలర్లు.

"ఈడు ఎల్లిపోనాడన్నావు కదరా?"

"వెళ్లిపోయాడు నాన్నా."

"మరి ఇంకా రాస్తన్నావేటి?"