మంచుయుగాల ప్రశ్నలో నాకు మార్కులు పోయిన చోటు

సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చెన్నై అన్నానగర్‌లో రూమ్ తీసుకుని చదువుతున్నప్పుడు రాసిన ఒక టెస్ట్ పేపర్ ఇంకా నా దగ్గరుంది. మంచుయుగాల మీద పదిహేను మార్కుల ప్రశ్న. కక్ష్య ఆకారం మారడానికి లక్ష ఏళ్ళు, అక్షం వంపుకి 41 వేలు, అక్షం బొంగరంలా ఊగడానికి, అంటే అయనచలనానికి, సుమారు 26 వేలు అని రాసి, బొమ్మ కూడా గీశాను. నాలుగున్నర వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే మాట: "అయితే మంచు ఎందుకు పెరిగింది?"

జవాబు కోసం కొట్టూరుపురం అన్నా శతజయంతి లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నాను. చలికాలం ముదిరితే మంచుయుగం వస్తుందనుకునేదాన్ని. కాదు, కీలకమంతా వేసవిలో ఉంది. ఉత్తరాన 65 డిగ్రీల అక్షాంశం దగ్గర వేసవి ఎండ తగ్గితే, చలికాలంలో పడ్డ మంచు పూర్తిగా కరగదు. పాత బాకీ తీరకముందే కొత్త అప్పు చేసినట్టు, దాని మీద మళ్ళీ మంచు పడుతుంది. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి చలి ఇంకా పెరుగుతుంది. అది వడ్డీ. సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలంకోవిచ్ ఏళ్ళ తరబడి చేతితో లెక్కలు కట్టింది ఈ వేసవి ఎండకే. 1976లో సముద్రగర్భపు మట్టి పొరల్లో ఆ లక్ష, 41 వేల ఏళ్ళలాంటి లయలు కనిపించాయి.

ఒక బత్తాయికి తొడిమ దగ్గర చీపురుపుల్ల గుచ్చి, బల్బు చుట్టూ తిప్పి చూడండి. పుల్ల ఎప్పుడూ ఒకే గోడవైపు వాలి ఉండాలి. బల్బు వైపు వాలినచోట ఆపి, పుల్లను కాస్త నిటారుగా చేయండి. తొడిమ దగ్గర వెలుగు పలచబడుతుంది. వంపు 24.5 డిగ్రీల నుంచి 22.1కి తగ్గినప్పుడు ధ్రువాల వేసవికి జరిగేది అదే. ఇప్పుడు 23.4 దగ్గరుంది, తగ్గుతోంది.

అయనచలనాన్ని మాన్సూన్‌తో కలిపి చదవండి. ఇప్పుడు భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, సంక్రాంతికి ముందు. అయనచలనం వల్ల ఆ దగ్గరయ్యే కాలం మారుతూ ఉంటుంది; సుమారు 11 వేల ఏళ్ళ క్రితం అది ఉత్తరార్ధగోళపు వేసవిలో జరిగేది. ఆ కాలంలో రుతుపవనాలు బలపడి, సహారాలో కూడా గడ్డి, చెరువులు ఉండేవి.

లక్ష ఏళ్ళ లయ దగ్గర మాత్రం తొందరపడకండి. కక్ష్య ఆకారం వల్ల ఏడాది మొత్తం ఎండలో వచ్చే తేడా చాలా స్వల్పం. అయినా ఇటీవలి మంచుయుగాలు ఆ లయలోనే వచ్చాయి. ఇది ఇంకా పూర్తిగా తేలని చిక్కు అని ధైర్యంగా రాయండి.

ఇప్పటి వేడిని మాత్రం ఈ చక్రాల ఖాతాలో వేయొద్దు. ఇవి వేల ఏళ్ళ మీద కదిలేవి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) నుంచి 420 దాటడానికి మూడు శతాబ్దాలు కూడా పట్టలేదు.