ఫ్రీటౌన్ రిజిస్టరు

మధ్యాహ్నం నుంచీ ఈ ఒక్క పేజీ దగ్గరే ఆగిపోయా. బ్రిటిష్ నౌకాదళం బానిస ఓడల నుంచి విడిపించి, పశ్చిమ ఆఫ్రికాలో సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దించినవాళ్ల రిజిస్టరు. పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది గాట్లు. చిన్నపిల్లలకీ అంతే.

1822లో అలా బయటపడ్డ యోరుబా (ఇప్పటి నైజీరియా ప్రాంతపు జాతి) కుర్రాడు అజాయి, 1864లో బిషప్ శామ్యూల్ క్రౌథర్ అయ్యాడు. చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

మరి మిగతావాళ్లు? చాలామంది మళ్లీ సొంతూరి మొహం చూడలేదు. కొందరిని అప్రెంటిస్‌లంటూ పనికి పెట్టారు, కొందరిని సైన్యంలో చేర్చుకున్నారు.

బానిస ఓడల్ని పట్టుకునే ఆ గస్తీలో జ్వరాలతో పోయిన నావికులూ ఎందరో. వాళ్లను తక్కువ చేయలేను. కానీ బ్రిటన్ బానిసత్వం రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకిచ్చి, బానిసలకు పైసా ఇవ్వకపోవడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు.