పడవ కన్నా ముందు పంచాంగం

సంక్రాంతి సెలవులకు ఈసారి అరకు వద్దనీ, నీళ్ల మీద తిరిగే చోటికే తీసుకువెళ్లాలనీ మా పిల్లలు దసరా నాడే మాట తీసుకున్నారు. ఈ పట్టుదలకు మూలం హ్యూస్టన్‌లో ఉంటున్న మా ఆడపడుచు పంపిన వీడియో. వాళ్లు లూయిసియానా చిత్తడి అడవులు చూడటానికి వెళ్లి, అడుగు చదునుగా ఉండి వెనుక విమానం పంకా వంటిది బిగించిన ఎయిర్‌బోటు ఎక్కారు. ఆ మోతకు చెవులు దిబ్బళ్లు పడకుండా అందరి తలలకూ హెడ్‌ఫోన్ల వంటివి తగిలించారు. పంకా ఆపి, గట్టున పడుకున్న ఎలిగేటరు దగ్గరికి వెళ్లినప్పుడు మా మేనకోడలు వేసిన కేక ఇప్పటికీ మా ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మోగుతోంది. పదేళ్ల మా వాడికి మొసలి కావాలి, నాలుగేళ్ల అమ్మాయికి పంకా ఉన్న పడవ కావాలి.

ఆ వీడియో కన్నా నాకు పనికొచ్చింది ఆడపడుచు తరవాత ఫోనులో చెప్పిన సంగతి. అక్కడ పైకప్పు ఉండి మెల్లగా సాగే పెద్ద పడవలు కూడా ఉంటాయట. చంటివాడు ఉన్నాడని తెలిసినా మోజు కొద్దీ వీళ్లు పంకా పడవే ఎక్కడంతో, వాడు ఆ చెవుల కప్పులు పీకి పారేసి గంటసేపూ ఏడుస్తూనే కూర్చున్నాడట. వీడియోలో ఆ భాగం లేదు.

మాకూ ఇటువంటి అనుభవం ఒకటి ఉంది. మూడేళ్ల క్రితం ఒక ఉప్పుటేటిలో, ఊరి పేరు ఎందుకులెండి, ఎవరో చెప్పారని ఒక చిన్న పడవ మాట్లాడుకుని మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాము. వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంది. తిరిగి వచ్చేసరికి ఏటిలో నీరు తీసేసి, పడవ అడుగు బురదలో దిగబడింది. పడవవాడు దిగి తోశాడు, మా వారు దిగి తోశారు, మోకాలి లోతు బురదలోంచి ఆయన ఒక చెప్పుతో పైకి వచ్చారు తప్ప పడవ కదలలేదు. మళ్లీ నీరు ఎక్కే వరకు, చీకట్లో, దోమల మధ్య, ఏడాది పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆటు వేళ ఎవరు వెళ్లమన్నారని ఒడ్డున ఒక ముసలాయన మమ్మల్నే చీవాట్లు పెట్టాడు. ఆయన కోప్పడటంలో న్యాయం ఉందని నాకు ఒప్పుకోక తప్పలేదు.

అందుచేత ఈసారి ఎంపిక బాధ్యత నేనే తీసుకున్నాను. వెళ్లేది ఏడుగురం. మా ఇద్దరితో, పిల్లలతో పాటు హైదరాబాదు నుంచి వచ్చే మరిది, తోటికోడలు ఉన్నారు. అందరికన్నా ముఖ్యంగా, రెండు మోకాళ్లూ అరిగిపోయిన మా అత్తగారు ఉన్నారు. ఏ పడవ చూసినా నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అత్తగారు ఇందులోకి ఎలా ఎక్కుతారు, ఎలా కూర్చుంటారు, ఎలా దిగుతారు?

విశాఖకు అన్నిటికన్నా దగ్గరిది అచ్యుతాపురం పక్కనున్న కొండకర్ల ఆవ. మన వైపు పల్లపు చిత్తడి నేలను ఆవ అంటారన్న సంగతి పిల్లలకు చెప్పడానికి కూడా అది మంచి చోటు. నిజానికి ఆ పాఠానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. 1933లో తెరిచిన మన పోర్టు లోపలి హార్బరు సైతం మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడిని తవ్వి కట్టినదే. కొండకర్ల మంచినీటి సరస్సు; ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు తరవాత చెప్పుకోదగినది. శీతకాలంలో వలస పక్షులు వస్తాయి. ఒక ఆదివారం మేమిద్దరమే వెళ్లి చూసి వచ్చాము. అక్కడి దోనెలు తాటి మానులను తొలిచి, రెండేసి జోడించి కట్టినవి. తామరాకుల మధ్య నుంచి, నీటికి జానెడు ఎత్తులో, గడకర్ర చప్పుడు తప్ప మరేదీ వినపడకుండా సాగే ఆ ప్రయాణం నాకు ఎంతో నచ్చింది. కానీ అందులో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, చేతికి పట్టు దొరకదు, నాలుగేళ్ల పిల్ల ఒక పక్కకు ఒరిగిందంటే దోనె కూడా ఒరుగుతుంది. మా ఇద్దరికైతే సరే, ఏడుగురికి కాదని తేల్చుకున్నాము.

మొసలి కోసమైతే ఒడిశాలోని భితర్కనికకు వెళ్లాలి. ఉప్పునీటి మొసళ్లకు మన దేశంలో అంతటి నెలవు అరుదు, పడవలో కూర్చునే వాటిని చూడవచ్చు. అయితే మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని మే 1 నుంచి జులై 31 వరకు ఆ పార్కును మూసివేస్తారు. వేసవి సెలవుల్లో వెళ్దామనుకునే కుటుంబాలు టిక్కెట్లు కొనక ముందే ఈ ముక్క తెలుసుకోవాలి. మా మరిది రైలు టిక్కెట్ల దాకా వెళ్లి ఆగాడు. సంక్రాంతికి తెరిచే ఉంటుంది కానీ, రాత్రంతా రైలు, ఆ పైన కారు, ఆ పైన పడవ అంటే అత్తగారి మోకాళ్లు ఒప్పుకోవు. చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న మంగళాజోడి గురించి కూడా చాలాసేపు ఆలోచించాము. ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మిన ఊరివాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, ఇంజను లేని పడవలను గడకర్రతో నడుపుతూ రెల్లు మధ్య తిప్పి పక్షులను చూపిస్తారు. తెల్లవారేసరికి పడవలో ఉండాలి, రెండు మూడు గంటలు మాట్లాడకుండా కూర్చోవాలి. మా అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం నేను ఇంతవరకు చూడలేదు. దాన్ని మరో రెండేళ్లకు వాయిదా వేశాము.

మిగిలింది కాకినాడ దగ్గరి కోరంగి. గోదావరి సముద్రంలో కలిసే చోట పెరిగిన ఆ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు; విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఉదయం విశాఖలో రైలెక్కితే సామర్లకోటలో దిగి, కాకినాడలో భోజనం చేయవచ్చు. అక్కడి నుంచి యానాం రోడ్డులో కారులో అరగంట ప్రయాణం. కోరంగి పేరు వినగానే అత్తగారి ముఖం వెలిగిపోవడానికి మరో కారణం ఉంది. వాళ్ల తాతగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి వచ్చిన మనిషి. కోరంగి రేవు 1839 నాటి తుపానులో నాశనమైపోయినా ఆ పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో మన తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. తాతను ఏ పేరుతో పిలిచారో ఆ ఊరు చూడాలని ఆవిడ అన్నాక ఇక చర్చకు తావు లేకపోయింది.

కానీ పడవ అంటే ఆవిడకు భయం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. ఐదు వారాలు దాటాక, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని బయటకు తీసే వరకు ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేదు. కోరంగిలో పడవలు నడిపేవాళ్లకు వరుసగా మూడుసార్లు ఫోను చేసి, పడవలో ఎన్ని సీట్లున్నాయో, నిజంగా ఎందరిని ఎక్కిస్తారో, పిల్లల కొలతలో లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో, పైకప్పు ఉందో లేదో, రేవు నుంచి పడవలోకి పలక వేస్తారో మెట్టు దిగాలో, బయలుదేరే చోట మరుగుదొడ్డి ఉందో లేదో అడిగాను. పిల్లల జాకెట్ల మాటకు మొదటిసారి “ఉంటాయండీ” అన్నారు, రెండోసారి “చూస్తామండీ” అన్నారు. పెద్దల జాకెట్టు తొడిగితే నాలుగేళ్ల పిల్ల నీటిలో దాని కిందినుంచి జారిపోతుంది. అందుకని మాటలు పెంచక, చిన్నపిల్లల జాకెట్టు ఒకటి మేమే కొని సంచిలో పెట్టుకున్నాము. జాగ్రత్త ఎక్కువైందని మా వారు నవ్వారు. నవ్వనివ్వండి.

ఇక మిగిలింది రోజు, వేళ. మడ అడవిలో చిక్కేమిటంటే, పోటు మీద ఉన్నప్పుడు పాయల్లో నీరు నిండి పడవ లోపలి దాకా వెళుతుంది కానీ, బురద మునిగిపోయి అందులోని జీవాలు కనపడవు. ఆటు వేళ బురదంతా తేలి కనువిందు చేస్తుంది కానీ పడవకు లోతు చాలదు. రెండూ కావాలంటే నీరు తీసి ఉన్నప్పుడు చెక్కల వంతెన మీద నడిచి, నీరు ఎక్కుతున్నప్పుడు పడవ ఎక్కాలి. మా మరిది ఫోనులో ఏదో యాప్ వెతుకుతుండగా అత్తగారు గోడకు వేలాడుతున్న పంచాంగం తీయమన్నారు. ఆవిడ పుట్టిల్లు భీమిలి, నాన్నగారిది ఎండుచేపల వ్యాపారం.

“పున్నమికీ అమాసకీ పొద్దున్న తొమ్మిదింటికి పోటు. అక్కణ్నించి రోజుకు రెండేసి గడియలు ఆలస్యమవుతాది, అంతే కదమ్మా.”

గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియలంటే నలభై ఎనిమిది; పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని యాప్ చెప్పేది కూడా అదే. పున్నమి వెళ్లిన పంచమి నాటికి పది గడియలు, అంటే నాలుగు గంటలు కలిపితే మధ్యాహ్నం ఒంటిగంటకు నిండు పోటు. నీరు బాగా తీసేది అంతకు ఆరు గంటల ముందు. తొమ్మిదికి వంతెన మీద ఉంటే బురద ఇంకా కనిపిస్తుంది, పదకొండింటికి పడవ ఎక్కవచ్చు. లెక్క కుదిరింది. సెలవుల్లో ఆ పంచమి ఏ రోజు వచ్చిందో చూసి, ఆ రోజుకే అన్నీ ఖాయం చేశాము.

వంతెన మీద మేము అనుకున్న దానికన్నా రెట్టింపు సమయం గడిచిపోయింది. మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి తీసే వేళ్లు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బొటనవేలంత పీత ఒకటి, తన ఒంటికి మించిన ఒకే ఒక్క పెద్ద గోరును పైకెత్తి, ఎవరినో రమ్మన్నట్టు ఊపుతూ నిలబడింది. కళ్లు నెత్తి మీదున్న చిన్న చేపలు నీళ్లు వదిలి బురద మీద గెంతుతుంటే మా వాడు వాటిని మొసలి పిల్లలని ప్రకటించి, ఆ విషయంలో ఇక రాజీపడలేదు. తెల్ల మడ ఆకు తుంచి ఇస్తే అమ్మాయి నాలుకకు తాకించి మొహం చిట్లించింది. చెట్టు పీల్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది. అయితే కనపడిన ప్రతి ఆకూ తుంచకూడదని వెంట ఉన్న గైడు ఆపాడు. పక్కనే ఉన్న తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమట. బావురు పిల్లి, నీటికుక్కల గురించి మేము పిల్లలకు ముందే చెప్పి పెట్టాము: బావురు పిల్లి రాత్రి తిరిగేది, పగటి పడవకు కనపడదు. ఆశ పెట్టనందువల్ల అలక కూడా రాలేదు.

పదకొండుంబావుకు పడవ ఎక్కాము. పలక వేశారు, మా వారు ఒక చెయ్యి, సరంగు ఒక చెయ్యి పట్టుకుంటే అత్తగారు అడుగు వేసి, ఎక్కినవెంటనే అంచున కుర్చీ అడిగి మరీ అక్కడే కూర్చున్నారు. రెండు గంటల సేపు పాయల్లో తిరిగాము. కొమ్మలు తలలకు తగిలేంత ఇరుకు చోట సరంగు ఇంజను ఆపేశాడు. చెట్టు మీదే మొలకెత్తిన గింజలు ములక్కాడల్లా వేలాడుతున్నాయి. నేను ఫొటోలు తీసుకుంటున్నాను, పిల్లలు జంతికలు తింటున్నారు. అత్తగారు మాత్రం నీటి మీద ఒక పండుటాకును చూస్తూ ఉన్నారు. అంతసేపూ అడవి లోపలి వైపు సాగుతూ వచ్చిన ఆకు మా పడవ పక్కకు వచ్చి ఆగింది. కదలకుండా నిలబడింది.

“నీరు తిరిగిపోతంది బాబూ,” అన్నారావిడ సరంగుతో.

అతను గడియారం చూసుకుని, నవ్వి, ఇంజను తాడు లాగాడు.