టైమ్‌టేబుల్‌లో టీచర్లకూ ఒక గంట

భారత్‌లో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు ఇంగ్లండ్‌లో అర్హత గుర్తింపు కోసం నేరుగా దరఖాస్తు చేసుకునే దారి 2023లో తెరుచుకుంది. అప్పట్నుంచి, అక్కడ లెక్కలు చెప్పే నేను హైదరాబాద్ వచ్చినప్పుడల్లా తెలిసిన టీచర్లు నన్ను వీసా గురించి, జీతం గురించి అడుగుతున్నారు. అవి చెబుతాను. కానీ అక్కడ నాకు దొరికిన అసలైన మేలు వేరే ఉంది. తోటి టీచర్లతో కూర్చుని పాఠం గురించి మాట్లాడుకునే గంట అది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన ప్రైవేట్ స్కూల్లోనూ మేం కలిసే ఉండేవాళ్ళం. టిఫిన్ బాక్సులు పంచుకున్నాం, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగాం. ఎనిమిదో తరగతి పిల్లలు లెక్కల్లో ఎక్కడ ఆగిపోతున్నారో మాట్లాడుకునే వేళ మాత్రం ఉండేది కాదు. లీజర్ పీరియడ్ దొరికితే నోట్‌బుక్ కరెక్షన్, లేదంటే సెలవు పెట్టిన వాళ్ళ క్లాసుకు సబ్‌స్టిట్యూషన్. మా స్కూల్లో టీచర్లెవరికీ శ్రద్ధ తక్కువ కాదు, టైమ్‌టేబుల్‌లోనే చోటు లేదు.

ఇంగ్లండ్‌లో ఆ చోటు నిబంధనల్లోనే ఉంది. 2005 నుంచి, బోధనా సమయంలో కనీసం 10 శాతం పాఠాల తయారీకి, పేపర్లు దిద్దడానికి వదలాలి. ఆ సమయంలో ఇంకో క్లాసుకు పంపకూడదు. ఇది కాక ఏడాదిలో ఐదు రోజులు పిల్లలకు సెలవు, టీచర్లకు శిక్షణ. 1980ల చివర్లో కెన్నెత్ బేకర్ విద్యామంత్రిగా ఉండగా వచ్చాయి కాబట్టి వాటిని ‘బేకర్ డేస్’ అన్నారు. అలాగని అక్కడంతా హాయి అనుకోవద్దు. పేపర్ల కట్ట ఇంటికి రావడం అక్కడా ఉంది, అలసటా ఉంది.

మా లెక్కల విభాగం సమావేశం ఎలా ఉంటుందో చెప్తాను. ఒక పిల్లాడి జవాబు పత్రం పేరు తీసేసి అందరికీ జిరాక్స్ ఇస్తారు. బ్రాకెట్ బయట మూడు, లోపల ఎక్స్ మైనస్ రెండు. పిల్లాడు మూడుతో ఎక్స్‌ను గుణించి, రెండును అలాగే వదిలేశాడు. తర్వాతి మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి, జవాబు మాత్రం తప్పు. మూడు మార్కుల ప్రశ్న. ఒకరు సున్నా ఇచ్చారు, ఒకరు ఒకటి, నేను రెండు. అక్కడి పరీక్షల్లో పద్ధతికి, జవాబుకు విడివిడిగా మార్కులుంటాయి. వాదించుకుని ఒకటి దగ్గర తేల్చాం. అసలు చర్చ ఆ తర్వాతే మొదలైంది: పిల్లాడు రెండోదాన్ని ఎందుకు వదిలేశాడు? ఒకావిడ దీర్ఘచతురస్రం గీసి రెండు గళ్ళు చేసింది, మూడుతో ఎక్స్‌ను గుణించింది ఒక గడిలో, రెండును గుణించింది ఇంకో గడిలో రాయడానికి. రెండో గడి ఖాళీగా ఉంటే వాడికే కనబడుతుందంది. మర్నాడు అందరం అలాగే చెప్పాం.

ఈ ఆగస్టులో ఒక ఆదివారం పాత స్టాఫ్‌రూమ్ వాళ్ళు నలుగురం మలక్‌పేటలో ఒకరింట్లో కలిస్తే, అదే జవాబు కాగితం మీద రాసి ఇచ్చాను. ఇక్కడా సున్నా నుంచి రెండు దాకా వచ్చాయి. “ఇది మనం స్పాట్ వాల్యుయేషన్‌లో చేసేదే కదా మేడమ్” అన్నారు సీనియర్ సార్. నిజమే. పదో తరగతి పేపర్లు దిద్దేచోట మార్కులు సరిచూసే పద్ధతి మనకూ ఉంది. కానీ అప్పటికి ఆ పిల్లలు మన క్లాసు దాటి వెళ్ళిపోయి ఉంటారు. ఎనిమిదో తరగతిలో, యూనిట్ టెస్ట్ అయిన వారంలోనే ఆ మాటలు నడిస్తే పిల్లాడికి ఉపయోగం.

ప్రభుత్వ టీచర్లకు, చుట్టుపక్కల స్కూళ్ళ వాళ్ళంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలైనా ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. ఎవరో వచ్చి ప్రొజెక్టర్ పెట్టి మాట్లాడి వెళ్ళడంతోనే ఆ గంటలు నిండకూడదని నా కోరిక. సొంత పిల్లల పేపర్లు ముందేసుకుని కూర్చున్న గంట అంతకంటే ఎక్కువ నేర్పుతుంది.

“అంత టైం ఎవరిస్తరు మనకు?” అంది ఆ ఆదివారం నా పక్కనున్న స్నేహితురాలు. అయినా మర్నాడే వెళ్ళి కరస్పాండెంట్‌ను అడిగింది: లెక్కల టీచర్లందరికీ వారంలో ఒకే ఒక్క పీరియడ్ ఒకేసారి ఖాళీగా కావాలని. దసరా సెలవుల తర్వాత టైమ్‌టేబుల్ మార్చేటప్పుడు చూద్దామన్నారట. ఈలోపు నెలకో ఆదివారం కలుద్దామని వాళ్ళు అనుకున్నారు. ఈసారి తీసుకున్నది రుణ సంఖ్యల తీసివేత. ఇంగ్లండ్‌లోని మా క్లాసు పేపర్లు కూడా పేర్లు తీసేసి పంపమన్నారు.